ముసలమ్మ కట్ట – దేవీసూక్తము

(శరన్నవరాత్ర మహోత్సవములలో ఆలయ ప్రాంగణమున గావించిన ప్రవచనము)



శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి పాదపద్మములకును, ఆయన వక్షఃస్థలమున నివసించు జగన్మాతకును నమస్కరించి ఈ సాయంకాలపు ప్రసంగమును ఆరంభించుచున్నాము. నిన్న మహిషాసురమర్దన ఘట్టము చెప్పుకొంటిమి. దేవతలందరి తేజస్సులు ఒక్కటియై స్త్రీరూపము దాల్చిన వృత్తాంతమును మీరందరును తన్మయులై వింటిరి. క్రమము ప్రకారము నేడు శుంభనిశుంభుల కథ చెప్పవలెను. దానిని రేపటికి ఉంచుకొందము. నేడు మేమొక ఋణము తీర్చుకొనవలసియున్నది. ముప్పదియేండ్లకు పైగా మా నెత్తిమీదనున్న ఋణమది. ఒక వృద్ధురాలికి మేము బాకీపడిన సమాధానము.

ఈ సీమ సంగతి మీకు మేము చెప్పవలసినది లేదు. నైరృతి మబ్బు పడమటి కనుమలు దాటి వచ్చుసరికే వట్టిపోవును. ఈశాన్యపు మబ్బు తన బరువును తూర్పుతీరముననే దించుకొని, మనదాక చిలకరింపు మాత్రమే తెచ్చును. ఏడాది మొత్తము కలిపినను 550 మిల్లీమీటర్లకు అటునిటుగా వాన. అదియును వేరుసెనగ ఊడలు దిగువేళకు రాక, కాయ పీకి కుప్పవేసిన పిదప వచ్చుట కద్దు. ఇట్టి నేలలో చెరువనిన గుడి వంటిది. కట్ట తెగినదనిన ఊరు తెగినట్లే.

ఆ ఊరిపేరు అవసరము లేదు. ఆ యేడు వారి చెరువునకు గండి పడబోయి, ఊరంతయు రాత్రికి రాత్రి మట్టితట్టలు మోసి ఆపుకొన్నారు. గంగమ్మకు పొంగళ్ళు పెట్టి, సాయంకాలము మాచేత పురాణము చెప్పించిరి. సందర్భమునకు తగియుండునని మేము ముసలమ్మ కథ ఎత్తుకొంటిమి.

కథ మీలో పెద్దలకు తెలిసినదే. పదునాలుగవ శతాబ్దమున, బుక్కరాయల యేలుబడిలో, చిక్కవొడయరు అను మంత్రి పండమేరునకు అడ్డముగా కట్ట వేయించెననియు, ఒక కొన అనంతసాగరము, రెండవ కొన బుక్కరాయసముద్రము వెలసెననియు ప్రసిద్ధి. ఆ బుక్కరాయసముద్రమున బసిరెడ్డి అను పెద్దకాపు ఇంట చిన్నకోడలు ముసలమ్మ. పేరు ముసలమ్మయే కాని వయసు చిన్నది, ఒడిలో పసిబిడ్డ. ఒక యేట కుంభవృష్టి కురిసి, చెరువు నిండి, కట్ట కదలినది. బసిరెడ్డి చిన్నకోడలిని బలి ఇచ్చినచో కట్ట నిలుచునని దేవత పలికినదట. ముసలమ్మ అత్తమామలకు మ్రొక్కి, భర్తయొద్ద సెలవు తీసుకొని, బిడ్డను అప్పగించి, నడచిపోయి నీటిలో నిలిచినది. కట్ట నిలిచినది. నేటికిని దానిని ముసలమ్మ కట్ట యనియే పిలుచుచున్నారు.

బ్రౌను దొరవారు 1853లో ప్రకటించిన అనంతపుర చరిత్రమున ఈ గాథ యున్నది. దానినుండి గ్రహించి కట్టమంచి రామలింగారెడ్డిగారు 1899లో, మదరాసు క్రైస్తవ కళాశాలలో చదువుకొను దినములలో, ‘ముసలమ్మ మరణము’ అను కావ్యమును ఒక పోటీకై రచించి బహుమతి పొందిరి. అప్పటికి వారికి ఇరువదియేండ్లు నిండలేదు. ఒక కాపువారి కోడలు నాయికయైన కావ్యమది. రాజకన్యల కథలకు అలవాటుపడిన మన పద్యమునకు ఆ ప్రాయమువాడు త్రోవ మార్చినాడని, తెలుగున ఆధునిక ఖండకావ్యములకు అదియే తొలిమెట్టని విమర్శకులు చెప్పుదురు.

ఆ రాత్రి మేము చక్కగనే చెప్పితిమి. ముసలమ్మ బిడ్డను దించు ఘట్టమున స్త్రీలందరును కొంగులతో కన్నులొత్తుకొనిరి. మాకును గొంతు గాద్గద్యము చెందినది. త్యాగమే స్త్రీకి భూషణమని ముగించి, హారతి పళ్ళెరము కొరకు చూచుచుండగా, వెనుకవరుసలో స్తంభమునకు ఆనుకొని కూర్చున్న ముసలావిడ ఒకరు లేచి నిలిచినది.

“సామీ, కట్ట తెగితే నీళ్ళు అందరి ఇండ్లలోకీ వస్తాయి గదా. మరి ఆ సిన్నకోడల్నే ఏల అడిగిందంటారు? రెడ్డి లేడా? కొడుకులు లేరా?”

సభలో కొందరు నవ్విరి. మేమును చిరునవ్వు నవ్వి, “దైవలీలకు కారణము అడుగరాదమ్మా” అంటిమి. ఆమె కూర్చుండెను. హారతి ఇచ్చితిమి. సంభావన పుచ్చుకొంటిమి. తెల్లవారి బస్సెక్కి వచ్చితిమి.

బస్సు సగము దూరము రాకముందే ఆ ప్రశ్న మా ప్రక్కన కూర్చున్నది. నాటినుండి దిగలేదు.

మొదట మాకు తోచినది ఇది. ఉమ్మడి అనంతపురము జిల్లాలో ఊరూర పేరెన్నికగన్న స్త్రీకథలు రెండు. ఒకటి ముసలమ్మది. రెండవది కదిరి చెంత తిమ్మమాంబది. భర్త గతింపగా 1434లో ఆమె సహగమనము చేసినదనియు, ఆ చితి పందిరిగుంజ చిగిర్చి నేటి తిమ్మమ్మ మర్రిమాను అయినదనియు చెప్పుకొందురు. దాదాపు ఐదెకరముల మేర నీడనిచ్చు ఆ వృక్షరాజమును చూచినపుడు చేతులు వాటంతటవే జోడింపబడును. ఆ నీడకు మేమును నమస్కరింతుము. కాని సహగమనమును మేము కీర్తింపము. ఆ ఆచారమును 1829లో వంగరాష్ట్రమునను, 1830లో మన మదరాసు రాజధానిలోను నిషేధించిరి. 1987 నాటి చట్టము దానిని పొగడుటనుగూడ నేరముగ నెంచినది. మా చింత చట్టముతో ముగియునది కాదు. ఈ సీమ తలచుకొను స్త్రీకథలు రెండును మరణకథలే అయినవేమి? బ్రదికి ఈ నేలను మోసిన స్త్రీలు లేరా? కరవునాళ్ళలో మగవారు బెంగుళూరుదారి పట్టినపుడు, ముసలివారిని, పసిపిల్లలను, పశువులను, ఎండిన చేనిని పెట్టుకొని ఊరు విడువని స్త్రీకి మనమే పురాణము చెప్పితిమి?

రెండవది తోచుటకు కొన్ని యేండ్లు పట్టినది. భారతము సభాపర్వము చెప్పుచున్నాము. ధర్మరాజు జూదమున సర్వస్వము ఓడి, తుదకు ద్రౌపదిని ఒడ్డి ఓడెను. ప్రాతికామి వచ్చి పిలిచినపుడు ఆ తల్లి ఏడ్వలేదు. అతనిని త్రిప్పి పంపినది, ఒక ప్రశ్న ఇచ్చి: రాజు ముందు తన్ను ఓడినాడా, నన్ను ఓడినాడా? తానే ఓడి పరాధీనుడైనవానికి మరియొకరిని ఒడ్డు అధికారమెక్కడిది? ఎంతటి ప్రశ్నయో చూడుడు. కన్నీటిది కాదు, ధర్మశాస్త్రపు ప్రశ్న. సభలో ద్రోణుడున్నాడు, కృపుడున్నాడు. అందరిలో పెద్దయైన భీష్ముడు ధర్మము మిక్కిలి సూక్ష్మమైనది, తెలియరానిది అని తలవంచుకొన్నాడు. పిన్నవాడైన వికర్ణుడొక్కడు లేచి ఆమె అడిగినది న్యాయమన్నాడు.

ఈ ఘట్టమును మేము లెక్కలేనన్ని మారులు చెప్పితిమి. భీష్ముని మౌనమును విమర్శించుచు చెప్పితిమి. ఆనాడు మాత్రము వ్యాసపీఠముమీద మాట ఆగిపోయినది. ఆ పల్లెలో స్తంభమునానుకొని లేచినది ద్రౌపదియే. ఒడ్డు అధికారము ఎవరిదని ఆమె అడిగినది. భీష్ముని పీటమీద కూర్చున్నవారము మేము. ఆయన కనీసము తలవంచుకొన్నాడు. మేము నవ్వితిమి.

సరే, సిగ్గుపడుట సమాధానము కాదు. సమాధానము వెదకితిమి.

మన సరిహద్దు దాటిన కన్నడసీమలో ‘కెరెగె హార’ అను జానపదగీతము కలదు. చెరువునకు సమర్పణ యని భావము. మల్లనగౌడుడు చెరువు త్రవ్వించినను నీరు పడలేదు. ఒక కోడలిని అర్పింపవలెనను మాట వచ్చినది. అక్కడను పలువురు కోడండ్రలో చిన్నదానినే, భాగీరథినే, ఎంచిరి. పేరు చూచితిరా, భాగీరథి! రెండు భాషలు, రెండు ఊళ్ళు, ఒకటే ఎంపిక. దేవతలకందరికిని చిన్నకోడలే ఏల కావలసివచ్చినది? మాకు తోచినది చెప్పెదము, తప్పయిన పెద్దలు మన్నింతురు గాక. చిన్నకోడలు ఇంటికి కడపట వచ్చినది. పుట్టిల్లు దూరము. ఎదురుమాట ఆడు చనువు ఇంకను రాలేదు. ఎవరు పోయిన ఇంటికి తక్కువ లోటో ఆ లెక్కను మనుష్యులు లోపల వేసికొనిరి. ఆ లెక్కయే దేవత నోట వినబడినట్లు కథ చెప్పుకొనిరి.

ఇది మా సొంత కల్పన యనుకొనెదరేమో. వేదమే ఈ మాట చెప్పినది. ఐతరేయ బ్రాహ్మణమున శునశ్శేపోపాఖ్యానము కలదు. హరిశ్చంద్రునకు వరుణుడు పుత్రుని ప్రసాదించి, ఆ పుత్రునే బలి కోరినాడు. రాజు దాటవేయుచు వచ్చెను. కొడుకు అడవికి పోయెను. రాజునకు ఉదరము ఉబ్బు జలోదరవ్యాధి వచ్చెను. ఇచ్చటను సంకటమంతయు నీటిదే, గమనింపుడు. తనకు బదులు మరియొకరిని వెదకుచు రాకుమారుడు అజీగర్తుడను పేద బ్రాహ్మణుని కడకు వచ్చెను. ఆయనకు మువ్వురు కొడుకులు. పెద్దవానిని తండ్రి కౌగిలించుకొనెను. చిన్నవానిని తల్లి కౌగిలించుకొనెను. ఎవరి కౌగిలియు దొరకని నడిమివాడు శునశ్శేపుడు నూరు గోవులకు అమ్ముడుపోయెను. యూపమునకు కట్టుటకు ఎవరును ముందునకు రాకున్న, మరి నూరు గోవులకు తండ్రియే కట్టెను. వధించుటకు ఇంకొక నూరు పుచ్చుకొని కత్తి నూరుచు వచ్చెను.

దేవుడు ఏర్కొన్న బలిపశువు కాదు ఆ బాలుడు. మనుష్యులు ఏర్కొన్నవాడు. ఎవరిని ఎవరును గట్టిగా పట్టుకొనలేదో, వాడు.

అప్పుడేమి జరిగినది? బాలుడు దేవతలను స్తుతింప మొదలిడెను. ప్రజాపతి నుండి అగ్నికి, అగ్ని నుండి సవితకు, వరుణునకు, ఇట్లు వరుసగా ఋక్కులు పలుకుచు పలుకుచు తుదకు ఉషస్సును స్తుతింపగా, ఒక్కొక్క ఋక్కునకు ఒక్కొక్క కట్టు ఊడిపోయెను. కట్లతోపాటు రాజు ఉదరమును తగ్గెను. వరుణుడు బలి గ్రహింపకయే శాంతించెను. ఆ పిమ్మట తండ్రి తిరిగి రమ్మని పిలిచినను బాలుడు పోలేదు. విశ్వామిత్రునకు పుత్రుడయ్యెను.

అమ్మా, ఆనాడు నీవడిగినదానికి ఇది మా సమాధానము. దేవత అడుగలేదు. వేదమున దేవత కట్లు విప్పినదే కాని ప్రాణము పుచ్చుకొనలేదు.

కాని ఈ సమాధానము దొరికిన మరునాడే మాకు వేరొక కలత పుట్టినది. శునశ్శేపుని నోట ఋక్కులుండెను. ఎవరో వానికి నేర్పిరి. అందుచేత కట్లు ఊడినవి. ముసలమ్మకు మనమేమి నేర్పితిమి? అత్తమామలకు మ్రొక్కుట నేర్పితిమి, సెలవు తీసికొనుట నేర్పితిమి. కట్లూడదీయు మాట ఒక్కటి నేర్పితిమా?

ఇచ్చట మా పాఠశాల సంగతి కొంత చెప్పవలెను. మా బాల్యమున అధ్యయనమునకు బాలికలు లేరు. అది అప్పటి మర్యాద. ఋగ్వేదము పదవ మండలమున నూటయిరువదియైదవ సూక్తమును, దేవీసూక్తమని మీరు వినునదానిని, మేము పదునాలుగేండ్లవారమై యున్నపుడు సంత చెప్పుకొంటిమి. ఎనిమిది ఋక్కులు. దానికి ద్రష్ట అంభృణమహర్షి కుమార్తె, వాక్కు అను బ్రహ్మవాదిని. ఆ సూక్తమంతయు ‘నేను’ అను మాటతో నడచును. రుద్రులతో, వసువులతో, ఆదిత్యులతో సంచరించునది నేనే యనును. అన్నము తినువాడును, చూచువాడును, శ్వాసించువాడును నాచేతనే ఆ పని చేయుచున్నారనును. ఎవరిని కోరుదునో వానిని ఋషిని చేయుదుననును. ఇంతకంటె నిబ్బరముగా ‘నేను’ అన్న స్వరము ఏ వాఙ్మయమున కలదో మేమెరుగము. ఆ ‘నేను’ పరమాత్మతో ఏకమైన ‘నేను’ అని భాష్యకారులు చెప్పుదురు. నిజమే. కాని ఆ అనుభూతి ఒక స్త్రీ కంఠమున పలికినది. దానిని మేము వేలమార్లు పురుషకంఠములతో వల్లించితిమి. ఆ ‘నేను’ ఎవరిదని ఒక్కనాడైనను తలచలేదు. బృహద్దేవత యను ప్రాచీనగ్రంథము ఘోష, అపాల, లోపాముద్ర మొదలుగా ఇరువదియేడుగురు బ్రహ్మవాదినులను పేర్కొన్నదని చదివితిమి, పరీక్షలో వ్రాసితిమి, మరచితిమి.

మా గురుపత్నిగారు వంటయింట పప్పు రుబ్బుచు, మేము స్వరము తప్పినపుడు రోటిపొత్రము ఆపెడివారు. మాట ఆడెడివారు కారు. పొత్రము ఆగినదనిన ఎక్కడనో అనుదాత్తము జారినదని మాకు తెలిసిపోయెడిది. గురువుగారు నవ్వి మరల చెప్పించెడివారు. ఏండ్ల తరబడి చెవితో ఆమె నేర్చినది ఎంత యుండునో! ఆ సూక్తమును గూర్చి నీవేమనుకొందువమ్మా అని ఆమెను అడిగినవారు లేరు. మేమును అడుగలేదు. ఇప్పుడడుగుదమన్న ఆమె లేరు.

స్త్రీలు వేదము చెప్పవచ్చునా, చెప్పరాదా అని మీలో కొందరు ఈపాటికి చెవులు కొరుకుకొనుచుందురు. ఆ వాదము పెద్దది, నేటి రాత్రికి సరిపోదు. అర్థము తెలిసికొనుటకును, ప్రశ్న అడుగుటకును ఎవరికిని నిషేధము లేదని మాత్రము మేము దృఢముగ చెప్పగలము. గార్గి జనకుని సభలో యాజ్ఞవల్క్యుని అడుగుచు అడుగుచు పోగా, ఇక అడిగినచో తల పగులునని ఆయన హెచ్చరించెను. ఆమె అప్పటికి ఊరకుండెను. కొంతసేపటికి మరల లేచినది! రెండు ప్రశ్నలు అడిగెదనని పెద్దల అనుజ్ఞ గొని, అడిగి, సమాధానము విని, ఈయనను మీరెవరును గెలువలేరని సభకు తీర్పు చెప్పినది కూడ ఆమెయే. ఒకమారు కూర్చుండబెట్టబడిన స్త్రీ రెండవమారు లేచుట మాకు ఆ ఉపనిషత్తున మిక్కిలి ఇష్టమైన చోటు. మా ప్రశ్నకర్త మాత్రము రెండవమారు లేవలేదు. లేచునట్లు మేము సభను ఉంచలేదు.

నన్నయభట్టారకుని శకుంతలను తలచుకొనుడు. కాళిదాసు నాటకమున ఉంగరము పోయినది కనుక రాజు మరచినాడు. భారతమున ఉంగరములేదు, శాపమును లేదు. రాజు తెలిసియే ఎరుగననెను. ఆమెకు సాక్ష్యము ఆమె మాటయే. నిండుకొలువులో నిలిచి సత్యముయొక్క విలువను ఆమె నూతులతో ఆరంభించి తూచినది. నూతుల కంటె బావి, దానికంటె యజ్ఞము, యజ్ఞము కంటె పుత్రుడు, పుత్రుల కంటెను సత్యవాక్యము గొప్పదని మెట్టుమెట్టుగా ఎక్కినది. బోరుబావి ఎండిన ఊరిలో ఈ పద్యము చెప్పి చూడుడు. నూరు నూతులనగా ఎంతయో ఇచ్చట పసిపిల్లకును తెలియును, దానిని మించిన సత్యమనగా ఎంతయో అప్పుడు తెలియును.

ఇక బ్రదికి చూపిన తల్లి ఒకరిని చెప్పవలెను, మరణకథలు రెండయినవి కనుక. మనకు పొరుగైన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో తరిగొండ యను ఊరు. అదియును రాళ్ళసీమయే, మెట్టనేలయే. అక్కడ 1730లో పుట్టినది వెంగమాంబ. చిన్ననాటనే వైధవ్యము వచ్చినది. ఆనాటి ఆచారము ప్రకారము తలవెండ్రుకలు, పసుపుకుంకుమలు తీసివేయవలెనని ఊరు పట్టుపట్టినది. నా భర్త వేంకటేశ్వరుడే, ఆయన యున్నంతకాలము నాకు వైధవ్యము లేదని ఆమె నిలిచినదని పరంపర చెప్పుచున్నది. ఎన్నో అవమానములు పడి, తుదకు తిరుమల చేరి, 1817లో సిద్ధిపొందువరకు అక్కడనే యుండినది. ఊరక యుండినదా? వేంకటాచల మాహాత్మ్యము వ్రాసినది. ద్విపద భాగవతము వ్రాసినది. వాసిష్ఠ రామాయణమను వేదాంతగ్రంథమును తెనిగించినది. నేటికిని తిరుమలలో ఏకాంతసేవవేళ స్వామికి ఆమె పేరిట ముత్యాలహారతి నడచుచున్నది. 2011లో ప్రారంభమైన అన్నప్రసాద భవనమునకు ఆమె పేరే పెట్టిరి. మీలో అక్కడ భోజనము చేయనివారు అరుదు.

ముసలమ్మకును వెంగమాంబకును భేదము భక్తిలో లేదు, ధైర్యములోను లేదు. ఊరు ఒకటి కోరినపుడు ఇద్దరును ఊరియెదుట నిలిచిరి. ఒకరి చేతిలో గంటము ఉండెను.

కావున ముసలమ్మ కథను విడువుమని మేము చెప్పుట లేదు. రామలింగారెడ్డిగారి కావ్యము చదువుడు, మీ పిల్లలచేత చదివింపుడు. ఆమె నడిచినపుడు ఎవరును ఈడ్వలేదు, తన కాళ్ళతో నడిచినది. ఆ పాదములకు మా నమస్కారము. అయినను, ఊరంతయు ఒక పేరు విని, ఆ పేరుగల పిల్లవైపు తిరిగి చూచునపుడు, ఆ పిల్ల “పోయెదను” అనుట ఎంతవరకు ఆమె స్వేచ్ఛ? ఇది మేము తేల్చలేదు. త్యాగమే స్త్రీకి భూషణమని ఆ రాత్రి మేము పలికిన ముగింపువాక్యమును మాత్రము నేడు మీ అందరి యెదుట ఉపసంహరించుకొనుచున్నాము.

అటుపిమ్మట ఆరేడేండ్లకు మరల ఆ ఊరికి పోవుట తటస్థించినది. ఆ యేడు చెరువు బీటలువారి యుండెను. గుడి ప్రక్కన నీళ్ళ ట్యాంకరు వచ్చినది. బిందెల వరుసలో ఆమెను గుర్తించితిమి. మమ్ము ఆమె గుర్తింపలేదు, గుర్తుచేసితిమి. “అమ్మా, నాడు మీరొక ప్రశ్న అడిగితిరి. మేము సరిగా చెప్పలేదు” అంటిమి.

ఆమె బిందె దించి, కొంగుతో ముఖము తుడుచుకొని, “అడిగినానా సామీ? ఏమో, అడిగే ఉంటా” అన్నది. కొంచెమాగి, “ముసలమ్మకు యేడాదికొకతూరి పోయి టెంకాయ కొట్టొస్తాము. సల్లని తల్లి. అయితే మా సిన్నకోడలికి మాత్రం ఆ కథ సెప్పలేదు సామీ, సెప్పను కూడా” అన్నది. ఇంతలో వరుస కదలినది. ఆమె బిందె జరుపుకొనెను. శునశ్శేపుని కథ చెప్పుటకు నాడు మాకు వ్యవధి దొరకలేదు. ఆ పిదప ఆమెను మేము చూడలేదు. అందుచేతనే నేడు ఇచ్చట చెప్పితిమి.

రేపు ఉదయము సప్తశతీ పారాయణము ముగియగనే దేవీసూక్తము పఠింపబడును. ఎనిమిది ఋక్కులకును ప్రతిపదార్థము తెలుగున చెప్పెదము. హారతి ఆ పిమ్మటనే. సూక్తమును గూర్చి కాని, నేటి కథలను గూర్చి కాని అడుగదలచిన తల్లులు స్తంభముల వెనుక కూర్చుండక ముందువరుసకు రావలెను. ఆ వరుసను వారికై విడిచిపెట్టుమని కార్యకర్తలకు మనవి చేసియున్నాము.